పారశీక రాయబారి

ఆ పొద్దున మబ్బు కొండల మీంచి జారి వచ్చి క్వారీ గుంటలో కూర్చుంది. ఆకాశం అని వేరే ఏమీ కనబడలేదు. తడిసిన గోనెపట్టా లాంటిది ఒకటి మా నెత్తి మీద వేలాడుతోంది, దాన్నుంచి సన్నగా నీళ్ళు కారుతున్నాయి. దాని కింద ఎండలు మండిపోతున్న గ్రీకు దేశం ఉంది. లారీలతో తెచ్చి పోసిన పసుపుపచ్చ ఇసక, ప్లాస్టిక్ ఆకుల చెట్లు, అట్టలతో కట్టిన రాతి గోడ. సూర్యుణ్ణి క్రేను మీదికి ఎక్కిస్తున్నారు.

వాంకూవర్‌లో సినిమాలు తీసేవాళ్ళకి ఇది మామూలే. ఇక్కడ న్యూయార్కు తీస్తారు, చంద్రలోకం తీస్తారు. వాంకూవర్ని వాంకూవర్‌గా తీయగా నేను చూళ్ళేదు.

నా పేరు వీరరాఘవులు. చెక్కల మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. బస్సులో నా పక్కన కూచుని వచ్చినాయన పేరు హూషంగ్. ఇరాన్‌లో హమదాన్ అనే ఊళ్ళో పిల్లలకి చరిత్ర చెప్పేవాడు. ఈ దేశం వచ్చాక నాకు ఎదురుగా నిలబడి, రంపం కిందనుంచి వచ్చే పచ్చి చెక్కల్ని పొడుగును బట్టి వేరుచేసేవాడు. చదువు చెప్పిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మాస్టారూ అన్నాను. కొన్నాళ్ళకి మిల్లులో పంజాబీలూ, ఫిలిప్పీన్సు వాళ్ళూ, చివరికి తెల్ల ఫోర్‌మన్ కూడా మాస్టారూ అనడం మొదలుపెట్టారు. అది ఆయన ఇంటిపేరు అనుకున్నారు.

మిల్లులో మాట వినబడదు. అందరం చెవులకి మూతలు పెట్టుకుని పనిచేస్తాం. మా స్నేహం అలా కుదిరింది. మిల్లు మానేశాక కూడా మాటలు పెద్దగా పెరగలేదు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గాని మేం మాట్లాడుకునేది మిల్లు ఇంగ్లీషు. ఆయనది నాకు సరిపోతుంది, నాది ఆయనకి సరిపోతుంది.

ఏ దేశం అని అడిగితే మాస్టారు ఇరాన్ అంటాడు. ఆయన వాళ్ళు చాలామంది పర్షియా అంటారు. ఇరాన్ అంటే ఎదుటివాడి మొహంలో టీవీ వార్తలు మొదలవుతాయి. పర్షియా అంటే పిల్లీ, తివాచీ గుర్తొస్తాయి. అందుకని. మాస్టారు మాత్రం ఇరాన్ అని చెప్పి, ఎదుటి మొహం మారి మళ్ళీ మామూలయ్యేదాకా ఓపిగ్గా నిలబడతాడు. వెనకబెంచీ వాడికి లెక్క అర్థమయ్యేదాకా ఆగినట్టు.

మమ్మల్ని ఈ సినిమాకి పంపింది స్వీటీ. మా గుడికి వచ్చే పళ్ళ డాక్టరు రాజగోపాల్ గారి అమ్మాయి. సినిమాలకి జనాన్ని సమకూర్చే ఆఫీసులో కొత్తగా చేరింది. ఒకరోజు గుడి బయట నన్ను చూసి టక్కున ఆగింది.

“అంకుల్, మీ ఫేస్ చాలా పర్షియన్. గడ్డం షేవ్ చేయకండి, ప్లీజ్.”

“పర్షియన్ ఈయనమ్మా,” అని మాస్టార్ని చూపించాను. నన్ను ఇంటికి దించడానికి కారు తీసుకొచ్చాడు.

స్వీటీ ఆయన్ని ఎగాదిగా చూసింది. తెల్లటి మనిషి, బూడిద రంగు కళ్ళు, నున్నగా గీసిన గడ్డం, చెక్కినట్టుండే ముక్కు.

“నో అంకుల్. హి ఈజ్ సో గ్రీక్,” అని ఫోటో తీసుకుంది.

మాస్టారు నన్ను కారెక్కించుకున్నాడు. చాలా దూరం వెళ్ళాక, ఒక సిగ్నల్ దగ్గర కారు ఆపి అన్నాడు.

“మాకూ గ్రీకులకీ రెండువేల అయిదువందల ఏళ్ళ తగాదా. పళ్ళ డాక్టరు కూతురు నిలబడి తేల్చేసింది.”

రానంటాడనుకున్నాను. వచ్చాడు. నార్త్ వాంకూవర్‌లో ఒక హాలు తీసుకుని శనివారాలు వాళ్ళ పిల్లలకి భాషా, చరిత్రా చెప్తాడు. సినిమాలో కనబడబోతున్నానని ఆ పిల్లలకి చెప్పేశాడట. రిలీజైన రోజు అందరూ కలిసి మొదటి వరస టికెట్లు తీసుకుందామని వాళ్ళలో వాళ్ళు తీర్మానం చేసుకున్నారు. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు మాస్టారు కొంచెం నవ్వాడు. ఆయన నవ్వడం నేను అరుదుగా చూశాను.

నాకు వచ్చిన వేషం పర్షియా రాయబారి. ఇంట్లో మా ఆవిడకి చెప్పాను. ఆవిడ పూర్తి పేరు బాలత్రిపురసుందరి, మేం సుందరి అంటాం.

“ఏం వేషం ఇచ్చారు?”

“రాయబారి.”

సుందరి చేతిలో గరిటె ఆగిపోయింది. మా వైపు ఊళ్ళలో నాటకం అంటే రాయబారం సీనే. జనం పెందలాడే అన్నాలు తినేసి, చాపలు చంకన పెట్టుకుని దానికోసమే వస్తారు. కుర్రతనంలో ఆ వేషం నేను కట్టేవాణ్ణి. వాళ్ళ నాన్న నన్ను అల్లుడిగా ఖాయం చేసింది నా పొలం చూసి కాదు, ఆ వేషం చూసి.

“పద్యాలెన్ని?”

“లేవు.”

“వచనమా?”

“అదీ లేదు.”

“నోరు విప్పని రాయబారి అంత దూరం పోయి ఏం చేస్తాడు?”

“చూడాలి.”

“బాగుంది. మనిషిని చూసే ఇచ్చారు,” అని పొయ్యి వైపు తిరిగింది.

క్వారీలో రెండు పెద్ద టెంట్లు వేశారు. ఒకటి గ్రీకులది, ఒకటి పర్షియన్లది. మా టెంట్లో పంజాబీలున్నారు, మెక్సికో వాళ్ళున్నారు, ఫిజీ నుంచి వచ్చిన జిమ్ము ట్రెయినరు ఒకడున్నాడు. ఇరానీ ఒక్కడూ లేడు. ఉన్న ఒక్కాయనా పక్క టెంట్లో ఇత్తడి రంగు టోపీ పెట్టించుకుంటున్నాడు.

మేకప్ పిల్ల నా పళ్ళకి నల్లరంగు వేసింది. ముక్కుకి ఇనప రింగు తగిలించింది. రెండు కనుబొమ్మల్ని కలిపి ఒకటి చేసింది. నాకు దేవుడిచ్చిన నలుపు చాలదని ఇంకో పూత పూసింది. భుజాన తడి గొర్రెతోలు కప్పింది. అద్దంలో చూసుకున్నాను. మా ఊరి నాటకాల్లో ఏ రాక్షసుడికీ ఇంత అన్యాయం జరగలేదు. మా రాక్షసరాజుకి కిరీటం ఉంటుంది, పట్టుబట్ట ఉంటుంది, మంచి రాగాలన్నీ ఆయనకే ఉంటాయి. గొంతున్నవాడు ముందు ఆ వేషమే అడుగుతాడు. చివర్లో చచ్చిపోతాడనుకోండి. చచ్చిపోయేదాకా ఆయన పక్కన దేవుడు కూడా నిలబడలేడు.

నన్ను గోడ అవతల నిలబెట్టారు. రెయిన్‌కోటు వేసుకున్న ఒకావిడ వచ్చి, అక్కణ్ణుంచి బయల్దేరి ఇక్కడికి రావాలని చేత్తో చూపించింది. ఇక్కడ గ్రీకు సేనాపతి పీట మీద కూచుని ఉంటాడు. వెనక సైనికులు బారు తీరి ఉంటారు. అంతే చెప్పింది. ఎలా రావాలో చెప్పలేదు. రాయబారి ఎలా వస్తాడో ఒకరు చెప్పాలా అనుకున్నాను.

కుడికాలు ముందు పెట్టాను. ఆగి, సభనంతా ఒకసారి కలయజూశాను. ఉత్తరీయం లేదు గనక గొర్రెతోలే భుజం మీద సవరించుకున్నాను. మీసం మీద చెయ్యి వేసి, తాళం లేకపోయినా తాళానికే నడిచి వెళ్ళి, సేనాపతికి ఎదురుగా నిలబడ్డాను. ఇంక ఆసనం చూపించాలి. ఆసనం చూపించందే రాయబారి మాట్లాడడు, పక్కకి చూడడు. మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఎవరూ ఏమీ చూపించలేదు. నేను నిలబడే ఉన్నాను. వాన పడుతోంది.

దూరంగా టార్పాలిన్ కింద కూచున్న డైరెక్టరు ఏదో అడిగాడు. స్వీటీ గొడుగు వేసుకుని పరిగెత్తుకొచ్చింది.

“అంకుల్, దేనికి వెయిట్ చేస్తున్నారు?”

“కుర్చీకి.”

“కుర్చీ లేదు అంకుల్. అసలు మీరు నడవరు. పాకుతారు. చేతులూ మోకాళ్ళ మీద. జనరల్ బూటు దాకా వస్తారు, ఆయన కిక్ చేస్తాడు, మీరు పడిపోతారు, గ్రీక్స్ అందరూ నవ్వుతారు. వెరీ సింపుల్.”

“రాయబారి ఎందుకు పాకుతాడమ్మా?”

“భయం అంకుల్. గ్రీక్స్ అంటే భయం.”

“అంత భయపడేవాణ్ణి రాయబారానికి ఎందుకు పంపారు?”

స్వీటీ నిజంగానే ఆలోచించింది. “అది స్క్రిప్ట్‌లో లేదు,” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “అంకుల్, ప్లీజ్. నాకిది ఫస్ట్ షో. మిమ్మల్ని తెచ్చింది నేనని వాళ్ళందరికీ తెలుసు.”

గొడుగు మొత్తం నా మీదే పట్టింది. ఆ పిల్ల తడిసిపోతోంది. సరేనమ్మా అన్నాను.

లైట్లు సర్దుకుంటున్నంతసేపు మమ్మల్ని వదిలేశారు. మాస్టారు ఈటె పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఎర్ర అంగవస్త్రం, తొడల దాకా తోలు లంగోటీ లాంటిది, కింద చలికి నీలమైన కాళ్ళు. ఆయన మోకాళ్ళు నేనెప్పుడూ చూళ్ళేదు. చూడనట్టు ఊరుకున్నాను.

“నవ్వాలంట,” అన్నాడు.

“విన్నాను.”

“సరిగ్గా సేనాపతి భుజం వెనక పెట్టారు నన్ను. మొహం బాగా పడుతుందని.”

“ఆఁ.”

“పిల్లలు మొదటి వరసలో కూచుంటారు. రాయబారిని తంతుంటే నేను పళ్ళికిలిస్తాను. వాళ్ళు చూస్తారు. శనివారం మళ్ళీ క్లాసుకి వస్తారు.”

“పోనీ వెళ్ళిపోతారా?”

“నా టోపీ ఇంకొకడి నెత్తిన పెడతారు. నువ్వు పాకడం పాకడమే.”

పాకొద్దని నన్ను అడగలేదు. స్వీటీ నన్ను బతిమాలడం ఆయన చూశాడు. అడిగితే నాకు తేలికగా ఉండేది. ఈటె భుజాన వేసుకుని, తన బారులోకి వెళ్ళిపోయాడు.

మొదటిసారి పాకాను. ఇసక పైన మెత్తగా కనిపిస్తుంది గాని కింద క్వారీ కంకర ఉంది. బూటు దాకా వెళ్ళాను. సేనాపతి వేషం వేసిన కుర్రాడు మర్యాదస్తుడు, ముందే సారీ చెప్పి తన్నాడు. పడ్డాను. గ్రీకులు నవ్వారు. బోర్లా పడి ఉన్నవాడికి నవ్వు వేరేగా వినిపిస్తుంది, నటన అని తెలిసినా.

కట్ అన్నారు. డైరెక్టరు లేచి వచ్చాడు. పల్చటి గడ్డం, చిన్న వయసు, ప్రతి మాటకీ సార్ అంటాడు. నా దగ్గరికి కాదు, మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

“సార్, మీ ఫేస్ అద్భుతం సార్. కొంచెం నవ్వాలి.”

“ఏం చూసి?”

“శత్రువు పడిపోయాడు కద సార్.”

“పడలేదు. తన్నారు.”

“అదే సార్. అందుకే.”

“అతను రాయబారి.”

“సార్, ఇది హిస్టరీ క్లాస్ కాదు. సినిమా.”

“మా పిల్లలు హిస్టరీ క్లాసుకి వారానికి ఒక గంట వస్తారు,” అన్నాడు మాస్టారు. “మిగతా టైమంతా సినిమాలే చూస్తారు.”

డైరెక్టరు తల పంకించాడు. “గుడ్ పాయింట్ సార్,” అని వెళ్ళి కూచుని, మళ్ళీ తీద్దాం అన్నాడు.

మళ్ళీ పాకాను. మాస్టారు నవ్వలేదు. బారులో అందరూ నోళ్ళు తెరిచి ఊగిపోతుంటే మధ్యలో ఆయనొక్కడు పరీక్ష హాల్లో కాపలా మాస్టరులా నిలబడ్డాడు. ఇంకోసారి అన్నారు. నా ఎడమ మోకాలు మంచిది కాదు. మిల్లులో ఒకసారి దుంగ జారి దాని మీద పడింది. ఆ రోజు నన్ను రెండు చేతుల మీదా మోసుకుని అంబులెన్సు దాకా తీసుకెళ్ళింది మాస్టారే. ఇప్పుడు ఆ మోకాలు ఇసకలో ఎలా ఈడుస్తున్నానో ఆయన చూస్తున్నాడు. ఆయన ఎన్నిసార్లు నవ్వకపోతే అన్నిసార్లు నేను పాకాలి. ఆ సంగతి నాకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు.

ఎవరో మాస్టార్ని మార్చేద్దాం అన్నారు. డైరెక్టరు వద్దన్నాడు. ఈ మొహం దొరకదన్నాడు. ఇంకొక్కసారి చూద్దాం అన్నాడు.

ఈసారి సగం దూరం వచ్చేసరికి మోకాలు పట్టేసింది. ఆగి, తలెత్తాను. టోపీ కింద మాస్టారి పెదాలు కదులుతున్నాయి. ముందు ఒక మూల లాగాడు, తర్వాత రెండో మూల. కళ్ళు నా మోకాలి మీద ఉన్నాయి. నాకు అర్థమైంది. నేను బూటు దాకా వచ్చేసరికి ఆయన నవ్వుతాడు. ఇంక నన్ను పాకించకుండా ఉండడానికి నవ్వుతాడు. పిల్లలు మొదటి వరసలో కూచుని చూస్తారు.

లేచి నిలబడ్డాను.

ఆ తర్వాత ఏం చేయాలో నేను ఆలోచించలేదు. కుడికాలు దానంతటదే ముందు పడింది. ఎడమకాలు కుంటుతోంది, అయినా తాళం తప్పలేదు. గొర్రెతోలు భుజాన సవరించుకున్నాను. సభని కలయజూశాను. నల్లపళ్ళు కనబడకుండా పెదవి బిగించి, మీసం మీద చెయ్యి వేసి, సేనాపతి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆసనం కోసం.

కట్ అనలేదు ఎవరూ. కెమెరా తిరుగుతూనే ఉంది. సేనాపతి కుర్రాడు తన్నాల్సిన కాలు కొంచెం పైకెత్తి, ఎక్కడ తన్నాలో తెలియక మళ్ళీ కింద పెట్టుకున్నాడు.

అప్పుడు మాస్టారు ఈటెని గోడకి ఆనించాడు. అట్ట గోడ కొంచెం వెనక్కి వాలింది. బారులోంచి బయటికొచ్చి సేనాపతి ముందు నిలబడ్డాడు.

“లే,” అన్నాడు.

సేనాపతి లేచాడు. ఎందుకు లేచాడో ఆ కుర్రాడికీ తెలిసినట్టు లేదు. చిన్నప్పుడు మంచి బడిలో చదివి ఉంటాడు. మాస్టారు ఆ పీట తీసుకుని, తడిని తన ఎర్ర అంగవస్త్రంతో తుడిచి, తెచ్చి నా వెనక వేశాడు. చెయ్యి చాపి చూపించాడు.

నేను కూచున్నాను.

కూచున్నాక రాయబారి మాట్లాడాలి. నా దగ్గర పద్యం లేదు, వచనం లేదు. ఊరికే కూచున్నాను. పర్షియన్ల వైపు నుంచి ఒక పంజాబీ పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

డైరెక్టరు వన్స్‌మోర్ అన్నాడు. మా ఊళ్ళో ఆ మాటకి రాయబారి మళ్ళీ మొదటినుంచి అందుకుంటాడు. ఈయన “ఆ ఇద్దరూ లేకుండా,” అని కూడా అన్నాడు.

నా గొర్రెతోలు ఫిజీ కుర్రాడికి కప్పారు. చక్కగా పాకాడు. జిమ్ము ట్రెయినరు కదా, మోకాళ్ళు గట్టివి. మాస్టారి టోపీ ఎవరో వడ్రంగికి పెట్టారు. మొదటిసారికే నవ్వు వచ్చేసింది. బస్సు పక్కన నిలబడ్డ మాకు వినబడింది. అందరికంటే వడ్రంగి నవ్వే గట్టిగా ఉంది.

“శనివారం పిల్లలకి ఏం చెప్తారు?” అని అడిగాను.

“సినిమాలో లేనని చెప్తాను.”

తడి అంగవస్త్రం భుజాల మీదికి లాక్కున్నాడు.

“ఎందుకు లేనో కూడా చెప్తాను. గంటా దానికే పోతుంది.”

“రాయబారి పాకుతున్నాడుగా, ఎలాగూ.”

“పాకుతున్నాడు,” అన్నాడు మాస్టారు.

స్వీటీ వచ్చింది. జుట్టంతా తడిసి మొహానికి అంటుకుపోయింది. తిడుతుందనుకున్నాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని వానకో, మరి దేనికో.

“నన్ను తీసెయ్యలేదు,” అంది. “జస్ట్, ఇక మీద పెద్దవాళ్ళని తేవద్దన్నారు. అంకుల్, నెక్స్ట్ వీక్ ఒక హాస్పిటల్ షో ఉంది. కోమా పేషెంట్లు కావాలి. కళ్ళు మూసుకుని పడుకోవడమే. కదలకూడదు, నడవకూడదు, ఎవరికీ కుర్చీ వెయ్యకూడదు. అది చేయగలరా మీరిద్దరూ?”

మాస్టారు దీర్ఘంగా ఆలోచించాడు.

“ఏ దేశం పేషెంట్లు?” అని అడిగాడు.

స్వీటీ ఆయన వంక చూసి, గొడుగు మడిచేసి, బస్సు మెట్టు మీద కూలబడింది.

భోజనాల గంట కొట్టారు. గ్రీకులకి వాళ్ళ టెంట్లో, పర్షియన్లకి వాళ్ళ టెంట్లో పెడుతున్నారు. కలిసి కూచుంటే ఒకరి రంగు ఒకరికి అంటుకుంటుందట. మేం ఏ లెక్కలోనూ లేం. బస్సు డ్రైవరు వెనక తలుపు తీసి, లోపల కూచోమన్నాడు.

సుందరి పెట్టిన డబ్బా నా సంచీలో ఉంది. అన్నం, గోంగూర పచ్చడి, వేయించిన చేప. మాస్టారు తన డబ్బా తెరిచాడు. పొడిపొడిగా అన్నం, ఆకులు వేసి వండిన మాంసం పులుసు. డబ్బా మూతలో సగం పులుసు నాకు పోశాడు. చేపముక్క ఆయన అన్నం మీద పెట్టాను. స్వీటీకి ప్లేటు లేదు. కాగితం గ్లాసు చింపి వెడల్పు చేసి, ఇద్దరం అందులో వడ్డించాం. పచ్చడి చూసి ఆ పిల్ల ఇంకొంచెం అన్నట్టు వేలు చూపించింది. వేశాను.

మాస్టారు అంగవస్త్రం తీసి నా ఎడమ మోకాలి మీద కప్పి, మళ్ళీ తన డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. పచ్చడి కారానికి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు. నా ముక్కు రింగు పులుసుకి అడ్డొస్తుంటే స్వీటీ చెయ్యి చాపి దాన్ని ఊడదీసి కిటికీ అంచున పెట్టింది. ముగ్గురం తిన్నాం.